తలల లెక్కలో బయ్ చీ: చాంగ్‌పింగ్ దగ్గర నిజంగా 4 లక్షల మందిని చంపారా?

ఫోన్‌లో చరిత్ర రీల్స్ చూసే అలవాటు ఉంటే ఈ మనిషి మీకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఉంటాడు. చేతిలో కత్తి, వెనక ఎర్రటి ఆకాశం, కింద పెద్ద అక్షరాలు: "ఒక్క రోజులో 4 లక్షల మందిని బతికుండగానే పాతేసిన సేనాని." పేరు బయ్ చీ. క్రీ.పూ. మూడో శతాబ్దపు చైనా దండనాయకుడు. జపాన్ కామిక్స్, మొబైల్ గేముల పుణ్యమా అని ఈ పేరు మన పిల్లల నోళ్లలోనూ నానుతోంది.

ఇతని గురించి మాటొస్తే వాదన మూడు ముక్కలవుతుంది. ఓటమి ఎరగని యోధుడని కొందరు, మానవ కసాయి అని కొందరు. ఈ రెండో పేరు చైనాలోనే పుట్టింది. అసలు ఆ అంకెలన్నీ కట్టుకథలని మరికొందరు. ముగ్గురి చేతిలోనూ ఉన్నది ఒకే లెక్క. కాబట్టి ముందు దాన్నే చూద్దాం.

బయ్ చీ గురించి మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం సీమా చ్యెన్ అనే చరిత్రకారుడు సుమారు క్రీ.పూ. 100 ప్రాంతంలో రాసిన "షీజీ" నుంచి వచ్చింది. అందులో అతని యుద్ధాల పక్కన అంకెలుంటాయి. యీచ్యుయె దగ్గర 2,40,000 తలలు. హ్వాయాంగ్ దగ్గర 1,30,000 తలలు, దాంతోపాటు నదిలో ముంచేసిన 20,000 మంది. షింగ్‌చెంగ్ దగ్గర 50,000. చాంగ్‌పింగ్ దగ్గర 4,50,000. కూడితే 8,90,000. "ఒక్క రోజులో" అన్న మాట మాత్రం షీజీలో ఎక్కడా లేదు. అది రీల్ చేసినవాళ్లు కలిపిన మసాలా.

ఏడు రాజ్యాలు, ఒక కొత్త రకం యుద్ధం

క్రీ.పూ. ఐదో శతాబ్దం నుంచి క్రీ.పూ. 221 దాకా సాగిన కాలాన్ని చైనా చరిత్రలో "పోరాడే రాజ్యాల యుగం" అంటారు. పేరుకు పైన జౌ వంశపు రాజు ఉన్నా, నిజమైన పెత్తనం ఏడు రాజ్యాలది: చిన్, జావ్, హాన్, వెయ్, చూ, యెన్, చీ. పడమటి కొసన, ఇప్పటి షెన్సీ ప్రాంతంలో ఉన్నది చిన్. మన కథానాయకుడు పుట్టింది అక్కడే, మెయ్ అనే ఊళ్లో. చివరికి మిగతా ఆరింటినీ మింగి చైనాను ఏకం చేసింది కూడా ఈ చిన్ రాజ్యమే. అయితే అది బయ్ చీ పోయాక 36 ఏళ్లకు జరిగింది.

అంతకు ముందు తరాల్లో యుద్ధమంటే రథాలెక్కిన దొరల వ్యవహారం. ఈ యుగంలో అది మారిపోయింది. పొలం దున్నే రైతునే ఈటె పట్టించి నడిపించారు. సైన్యాలు లక్షల్లోకి పెరిగాయన్న మాట మొదలైంది కూడా అప్పుడే. ఈ మార్పును అందరికంటే పకడ్బందీగా చేసిన రాజ్యం చిన్.

తలకో మెట్టు

క్రీ.పూ. 356 నుంచి షాంగ్ యాంగ్ అనే మంత్రి చిన్‌లో కొత్త చట్టాలు తెచ్చాడు. వాటిలో మన కథకు కావలసింది హోదాల నిచ్చెన. మొత్తం ఇరవై మెట్లు. పుట్టుకతో పనిలేదు. శత్రువు తల తెచ్చినవాడు ఒక మెట్టు ఎక్కుతాడు. ఆ మెట్టుతో పాటు ఒక "చింగ్" భూమి (ఇప్పటి కొలతలో పదెకరాల పైచిలుకు), ఇంటిస్థలం, చాకిరీకి ఒక మనిషి. కౌలు చేసుకు బతికేవాడికి ఇది ఎంత పెద్ద ఆశో వేరే చెప్పక్కర్లేదు. చైనా భాషలో తెగిన తలకు "షౌజీ" అని పేరు. విడదీస్తే "తల–మెట్టు" అని వస్తుంది. ఆ చట్టం భాషలోనే ఇంకిపోయింది.

షాంగ్ యాంగ్ పేరు మీద ఉన్న గ్రంథంలో లెక్కలు ఇంకా వివరంగా ఉన్నాయి. నూరుమంది దళం 33 తలలు తెస్తే దాని నాయకుడికి మెట్టు ఖాయం. కోట ముట్టడిలో 8,000 తలలు, మైదానంలో 2,000 తలలు వస్తే సేన మొత్తం తన వంతు నెరవేర్చినట్టు. యుద్ధం అయ్యాక తలలను మూడు రోజులు అందరికీ కనపడేలా ఉంచి, సరిచూసి, ఆ తర్వాతే హోదాలు పంచాలి.

ఇదంతా కాగితం మీది మాటేనా? కాదనడానికి సాక్ష్యం ఉంది. 1975లో హుబెయ్ రాష్ట్రంలోని ష్వేహూదీ దగ్గర షీ అనే చిన్న చిన్ అధికారి సమాధి బయటపడింది. అతని పక్కన కట్టలకొద్దీ వెదురు పలకలు, వాటి నిండా చట్టాలు, కేసులు. వాటిలో రెండు కేసులు ఈ తలల గొడవే. ఒకదాంట్లో ఒక సైనికుడు తోటి సైనికుడిని కత్తితో నరికి, అతని చేతిలో ఉన్న తలను లాక్కోబోయి దొరికిపోయాడు. రెండోదాంట్లో ఇద్దరు ఒకే తల నాదంటే నాదని పోట్లాడుకున్నారు. విచారణాధికారి ఆ తలను పరీక్షించి, దళాలన్నిటికీ కబురంపాడు: మీలో ఎవరైనా తప్పిపోయారా, వెనకబడి ఇంకా రానివాళ్లున్నారా, ఉంటే వచ్చి ఈ తలను గుర్తుపట్టండి. అంటే అది శత్రువుదో సొంతవాడిదో కూడా అనుమానమే.

బయ్ చీ అంకెలను నమ్మేవాళ్లు, నమ్మనివాళ్లు ఇద్దరూ చూపించేది ఈ పలకలనే. ఇంత కట్టుదిట్టంగా సరిచూసే రాజ్యంలో దొంగలెక్కలు ఎలా చెల్లుతాయని ఒకరు అడుగుతారు. తలకు పదెకరాలు దొరికే చోట లెక్క పెరగకుండా ఎలా ఉంటుందని ఇంకొకరు.

రెండేళ్లలో పదో మెట్టు నుంచి పదహారుకు

బయ్ చీ ఎవరి కొడుకో, చిన్నతనంలో ఏం చేశాడో షీజీ చెప్పదు. క్రీ.పూ. 294లో అతను మొదటిసారి కనిపించేసరికే పదో మెట్టు మీద ఉన్నాడు, హాన్ రాజ్యం మీద దండెత్తుతున్నాడు. మరుసటి ఏడు పన్నెండో మెట్టు. ఆ పై ఏడు పదహారు. రాజు జావ్‌షియాంగ్ మేనమామ, చిన్‌లో చక్రం తిప్పుతున్న వెయ్ రాన్ అండ అతనికి ఉంది. అయినా ఆ ఎగబాకడానికి అసలు కారణం మధ్యలో వచ్చిన యీచ్యుయె యుద్ధం.

యీచ్యుయె అంటే నేటి లోయాంగ్ పక్కన, నది రెండు కొండల నడుమ నుంచి పారే చోటు. తర్వాతి కాలంలో అక్కడే లోంగ్‌మెన్ బౌద్ధ గుహలు తొలిచారు. క్రీ.పూ. 293లో హాన్, వెయ్ సేనలు రెండూ కలిసి చిన్‌ను ఎదిరించాయి. ఎలా గెలిచాడో బయ్ చీ తర్వాత రాజుకు చెప్పినట్టు మరో పాత గ్రంథంలో ఉంది. ముందుకెళ్లి దెబ్బలు తినడం హాన్‌కు ఇష్టం లేదు, వెయ్ వెళ్తే బాగుండునని చూస్తోంది. వెయ్‌దీ అదే ఎదురుచూపు. హాన్ ముందు ఉత్తుత్తి సేనను నిలబెట్టి, బలమంతా కూడగట్టి ఊహించని చోట వెయ్ మీద పడ్డాడు. వెయ్ చెదిరింది, హాన్ దానంతట అదే కూలింది. ఇందులో మాయ ఏమీ లేదు. ఎదుటి ఇద్దరిలో ఎవరి మనసు ఎక్కడుందో కనిపెట్టడమే అతని విద్య.

కానీ 2,40,000 తలలు? చట్టంలో మైదానపు యుద్ధానికి రాసిన కొలత 2,000 అని చూశాం. ఇది దానికి 120 రెట్లు. అప్పుడే ఎవరైనా కనుబొమలు ఎగరేసి ఉంటారా అనిపిస్తుంది.

తర్వాతి ముప్పై ఏళ్లు గబగబా చెప్పుకుందాం. క్రీ.పూ. 279లో దక్షిణాన చూ రాజ్యం మీద పడ్డాడు. మరుసటి ఏడు దాని రాజధాని యింగ్‌ను పట్టుకుని, చూ రాజుల సమాధులున్న చోటును తగలబెట్టాడు. చూ రాజు తూర్పుకు పారిపోయాడు. ఈ పతనం చూసే కవి చూ యువాన్ నదిలో దూకాడని చైనా సంప్రదాయం. డ్రాగన్ పడవల పండుగ వెనక చెప్పే కథ అదే. యింగ్ పట్టుకున్నందుకు బయ్ చీకి "వూఅన్ ప్రభువు" అన్న బిరుదు వచ్చింది. క్రీ.పూ. 273లో హ్వాయాంగ్, 264లో షింగ్‌చెంగ్.

చాంగ్‌పింగ్: 17 ఊళ్లు ఆశపడ్డ రాజు

క్రీ.పూ. 262లో బయ్ చీ హాన్ రాజ్యాన్ని మధ్యకు కోశాడు. ఉత్తరాన ఉన్న షాంగ్‌డాంగ్ కొండసీమకు రాజధానితో దారి తెగిపోయింది. దాన్ని చిన్‌కు అప్పగించి ప్రాణాలు దక్కించుకుందామని హాన్ రాజు అనుకున్నాడు. అక్కడి పాలకుడు ఫెంగ్ టింగ్ ఎత్తు వేరు. తన కిందున్న 17 ఊళ్లను చిన్‌కు కాక పక్కనున్న జావ్ రాజ్యానికి ఇస్తానన్నాడు. అలా చేస్తే చిన్ కోపం జావ్ మీదికి మళ్లుతుంది, జావ్ వచ్చి హాన్‌తో చేతులు కలుపుతుంది. జావ్ కొలువులో ఒక పెద్దమనిషి ఈ ఉచితం వద్దన్నాడు, మరొకాయన ముంగిట్లోకి వచ్చిన లక్ష్మిని కాలదన్నకూడదన్నాడు. రాజు రెండో మాట విన్నాడు.

చిన్ సేన వచ్చింది. జావ్ సేన చాంగ్‌పింగ్ దగ్గర, నేటి షాన్సీ రాష్ట్రపు గావ్‌పింగ్ ప్రాంతంలో, మోహరించింది. దాని సేనాని ల్యెన్ పో అనుభవజ్ఞుడు. రెండు మూడు దెబ్బలు తిన్నాక గోడలు కట్టుకుని లోపల కూర్చున్నాడు. దూరం నుంచి వచ్చింది చిన్. నెలలు గడిచేకొద్దీ తిండికి కటకటలాడేది ఎదుటివాడేనని అతని లెక్క.

ఆ ఎత్తును చిన్ కత్తితో కాక డబ్బుతో దెబ్బకొట్టింది. ప్రధానమంత్రి ఫాన్ జూ వేగుల చేత జావ్ రాజధానిలో పుకారు పుట్టించాడు: ల్యెన్ పోతో తేలికే, నేడో రేపో లొంగిపోతాడు, చిన్ భయపడేది జావ్ ఖువో వస్తాడేమోననే. ఈ జావ్ ఖువో ఒక గొప్ప సేనాని కొడుకు. యుద్ధశాస్త్రం నోటికి వచ్చు, రణరంగం తెలియదు. వాణ్ని పంపొద్దని కన్నతల్లే రాజుకు మొరపెట్టుకుంది. అప్పటికే కొలువులో జబ్బుపడి ఉన్న లిన్ షియాంగ్‌రు అనే మంత్రి, మీటలకు జిగురు పూసి వీణ వాయించినట్టుంటుంది అన్నాడు. రాజు వినలేదు. సేనాని మారాడు.

అటు చిన్ కూడా సేనానిని మార్చింది, గుట్టుగా. బయ్ చీ వచ్చాడన్న సంగతి బయటపెట్టినవాడికి మరణశిక్ష అని శిబిరంలో చాటింపు.

46 రోజులు

జావ్ ఖువో వచ్చీ రాగానే గోడలు దాటి మీద పడ్డాడు. చిన్ సేన ఓడినట్టు వెనక్కి తగ్గింది. జావ్ సైన్యం తరుముకుంటూ చిన్ గోడల దాకా వెళ్లి అక్కడ ఆగిపోయింది. ఈలోపు 25,000 మంది వెనక దారి మూశారు. 5,000 గుర్రాలు ముందుకొచ్చిన సేనకూ, దాని శిబిరానికీ మధ్య జొరబడ్డాయి. సేన రెండుగా తెగింది, తిండి దారి మూసుకుపోయింది.

ఇక్కడ చిన్ రాజు చేసిన పని గమనించాలి. అతనే స్వయంగా దగ్గర్లోని హనెయ్ జిల్లాకు వచ్చాడు. అక్కడి జనానికి తలా ఒక హోదా మెట్టు ఉచితంగా ఇచ్చి, 15 ఏళ్లు దాటిన మగవాళ్లందరినీ జావ్ సాయం రాకుండా అడ్డుకోవడానికి పంపాడు. షాంగ్ యాంగ్ నిచ్చెన ఇలా కూడా పనికొచ్చింది.

లోపల 46 రోజులు తిండి లేదు. చాటుగా ఒకరినొకరు చంపుకు తిన్నారని షీజీ రాసింది. నాలుగు దళాలుగా విడిపోయి, వంతులవారీగా నాలుగైదుసార్లు చుట్టును ఛేదించబోయారు, కుదరలేదు. చివరికి జావ్ ఖువో తనే ముందు నడిచి బాణం దెబ్బకు పోయాడు. మిగిలినవాళ్లు లొంగిపోయారు. షీజీ వాళ్ల సంఖ్యను 4 లక్షలంటుంది.

అప్పుడు బయ్ చీ అనుకున్న మాటగా షీజీ రాసిన దాని సారం ఇది: షాంగ్‌డాంగ్ జనం మన పాలన ఒల్లక జావ్‌లో చేరారు, జావ్ సైనికులు నిలకడ లేనివాళ్లు, అందరినీ చంపకపోతే తిరగబడతారు. మాయమాటలు చెప్పి అందరినీ చంపించాడు. చిన్నవాళ్లను 240 మందిని మాత్రం ఇళ్లకు పంపేశాడు, ఈ వార్త చేరవేయడానికన్నట్టు.

"ఖంగ్" అంటే బతికుండగా పాతడమేనా?

షీజీ వాడిన మాట "ఖంగ్". దాని మూలార్థం గుంట. క్రియగా వాడితే గుంటలో వేయడం. బతికుండగా పాతారన్న కథకు పునాది ఈ ఒక్క అక్షరమే. దీన్ని మూకుమ్మడిగా చంపి గుంటల్లో పడేయడమని చదివేవాళ్లు ఉన్నారు. గెలిచినవాళ్లు శత్రువుల శవాలను కుప్పపోసి మట్టి కప్పే పాత ఆచారానికి దీన్ని ముడిపెట్టేవాళ్లూ ఉన్నారు.

1995లో ఈ చర్చకు కాస్త మట్టి తోడైంది. గావ్‌పింగ్ దగ్గర యోంగ్‌లు అనే ఊళ్లో రైతుల పొలంలో ఎముకలు బయటపడ్డాయి. పురావస్తు శాఖవాళ్లు తవ్విన గుంటలో సుమారు 130 మంది అవశేషాలు దొరికాయి. అందరూ మగవాళ్లే. కొన్ని ఎముకల్లో బాణపు ములుకులు, కొన్ని పుర్రెల మీద నరికిన గాట్లు, బలంగా మోదిన గుర్తులు. అంటే చాలామందిని ముందు చంపి తర్వాతే గుంటలో పడేశారు. బతికుండగా పాతడమన్న మాట ఇక్కడ బలహీనపడింది. మూకుమ్మడిగా చంపారన్న మాట మాత్రం బలపడింది.

కానీ ఒక గుంట 4 లక్షలను నిరూపించదు. 4,00,000ను 130తో భాగిస్తే అలాంటి గుంటలు 3,000కు పైగా కావాలి.

బండ్ల లెక్క

అంత పెద్ద సైన్యం అక్కడ ఉండగలిగిందా? తిండితో లెక్కేద్దాం. మనిషికి రోజుకు కిలో జొన్న, కొర్ర లాంటి గింజలు అనుకుందాం. 4 లక్షల మందికి రోజుకు 400 టన్నులు. ఎద్దుబండికి 400 కిలోలు పడతాయనుకుంటే రోజూ 1,000 బండ్లు దిగాలి. ఆ బండ్ల ఎద్దులూ, తోలేవాళ్లూ తినేది దీనికి అదనం. అటు చిన్ సేనకూ ఇంతే కావాలి, పైగా వాళ్లది ఇంకా దూరం. కొండదారుల్లో, నెలల తరబడి.

ఈ లెక్క చూసి కొందరు 4 లక్షలు అసాధ్యమంటారు. 12వ శతాబ్దపు తత్వవేత్త జు షీకి కూడా ఇది మింగుడుపడలేదు. ఓడిపోయి ఉండొచ్చు గానీ అంతమందిని పాతడానికి చోటెక్కడ అన్నది ఆయన సందేహం. ఇంకో వైపువాళ్ల జవాబు: జావ్ నిజంగానే తిండికి ఇబ్బంది పడిందని షీజీయే చెబుతోంది కదా, చిన్ ఒక జిల్లా మొత్తాన్ని లేపుకొచ్చిందంటే అవతల సేన ఎంతుందో ఊహించుకోండి.

అంకెను చదవడంలోనూ తిరకాసు ఉంది. షీజీ ఒక అధ్యాయంలో "మొదటి నుంచి చివరిదాకా తలలు, బందీలు కలిపి 4,50,000" అంటుంది. అదే పుస్తకం చిన్ రాజుల అధ్యాయంలో "4 లక్షలకు పైగా అందరినీ చంపారు" అంటుంది. మొదటి వాక్యం నెలల యుద్ధం మొత్తానికి జావ్ పోగొట్టుకున్న మనుషుల లెక్క కావచ్చు. అందులో పోరులో చచ్చినవాళ్లు, ఆకలికి పోయినవాళ్లు, బండ్లు తోలినవాళ్లు, గోడలు కట్టిన కూలీలు అందరూ ఉండొచ్చు. రెండో వాక్యం దాన్ని ఒకే ఊచకోతగా కుదించేసింది.

విజయాల నివేదికల్లో అంకెలు పెంచడం మామూలేనని చైనావాళ్లే ఒప్పుకున్న సందర్భం ఒకటుంది. మూడు రాజ్యాల కాలంలో, అంటే చాంగ్‌పింగ్‌కు నాలుగున్నర శతాబ్దాల తర్వాత, గువో యువాన్ అనే అధికారి ఉన్నదున్నట్టు తలల లెక్క పంపితే పైవాళ్లు ఆశ్చర్యపోయారు. ఎందుకంటే అప్పటి వాడుక ఒకటిని పది చేసి రాయడం. ఆ సూత్రం ఇక్కడ పెడితే 4,50,000 కాస్తా 45,000 అవుతుంది.

నాకు మాత్రం అంత కుదింపు ఒప్పనిపించదు. చాంగ్‌పింగ్ తర్వాత తొమ్మిదేళ్లకు, క్రీ.పూ. 251లో, యెన్ రాజ్యపు మంత్రి ఒకడు జావ్ వెళ్లొచ్చి తన రాజుకు చెప్పాడు: అక్కడి బలమైన మగవాళ్లంతా చాంగ్‌పింగ్‌లో పోయారు, వాళ్ల పిల్లలు ఇంకా ఎదగలేదు, ఇదే సమయం. ఒక తరం ఖాళీ అయిందని పొరుగు రాజ్యానికే కనబడిందంటే అది 45,000 కంటే పెద్ద దెబ్బే. అయితే కథ ఇంకో మలుపు తిరిగింది. ఆ మాట నమ్మి దండెత్తిన యెన్‌ను జావ్ చిత్తుగా ఓడించింది, అదీ ల్యెన్ పో నాయకత్వంలో. అంటే మగవాళ్లంతా పోలేదు కూడా. నిజం ఈ రెండింటి నడుమ ఎక్కడో ఉంది.

ష్వేహూదీ సమాధిలోని ఆ అధికారి ఒక కాలపట్టిక కూడా పెట్టుకున్నాడు. ఏడాదికో వరస, రాజ్యం సంగతులు, ఇంటి సంగతులు కలగలిపి. చాంగ్‌పింగ్ సంవత్సరానికి ఎదురుగా ఉన్నది ఇంతే: "చాంగ్‌పింగ్ మీద దాడి. పదకొండో నెల, గాన్ పుట్టాడు." ఇంట్లో పుట్టిన బిడ్డా, చరిత్రకెక్కిన ఊచకోతా ఒకే వరసలో. అంకె లేదు.

అదే కాలంలో మన దగ్గర

ఇంచుమించు అదే సమయంలో, క్రీ.పూ. 261 ప్రాంతంలో, అశోకుడి కళింగ యుద్ధం జరిగింది. ఆయన 13వ శిలాశాసనం ప్రకారం లక్షన్నర మందిని తరలించుకుపోయారు, లక్ష మంది చంపబడ్డారు, అంతకు ఎన్నో రెట్లు చనిపోయారు. ఆ పద్నాలుగు శాసనాల వరస చెక్కిన చోట్లలో కర్నూలు జిల్లా ఎర్రగుడి ఒకటి. అక్కడా అన్నీ గుండు అంకెలే, అన్నీ గెలిచినవాడు చెప్పినవే. తేడా ఒక్కటుంది. అశోకుడి అంకె గెలిచిన రాజు నోట పశ్చాత్తాపంగా వచ్చింది, పెంచినా ఆ బరువు తన మీదే పడుతుంది. చిన్ అంకె హోదాలు పంచే చిట్టాలోంచి వచ్చింది. రెంటినీ ఒకే గాటన కట్టి "పాతకాలపు అతిశయోక్తులు" అనేస్తే ఈ తేడా పోతుంది.

వద్దన్న సేనాని

బయ్ చీ జీవితంలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా కనిపించేది ఈ తర్వాతి రెండేళ్లు. చాంగ్‌పింగ్ అవగానే జావ్ రాజధాని హాన్‌డాన్ మీద పడదామన్నాడు. జావ్, హాన్ భయపడి ఫాన్ జూ దగ్గరకు బోలెడు కానుకలతో రాయబారిని పంపాయి. రాయబారి సరిగ్గా నొక్కవలసిన చోటే నొక్కాడు: హాన్‌డాన్ కూడా పడితే బయ్ చీ మీకంటే పైన కూర్చుంటాడు. ఫాన్ జూ రాజుకు నచ్చజెప్పి కొన్ని ఊళ్లు పుచ్చుకుని సంధి చేయించాడు. బయ్ చీకి అది గుచ్చుకుంది.

కొన్ని నెలలకు రాజు మనసు మారి హాన్‌డాన్ ముట్టడికి వేరే సేనానిని పంపాడు. దెబ్బతిన్నాడు. నువ్వు వెళ్లమని బయ్ చీని అడిగితే, వెళ్లనన్నాడు. చాంగ్‌పింగ్‌లో గెలిచినా మన సైన్యంలో సగానికి పైగా చచ్చారు, ఇల్లంతా ఖాళీ, ఇప్పుడు మిగతా రాజ్యాలు జావ్‌కు సాయం వస్తాయి, ఇది గెలిచే యుద్ధం కాదు అని చెప్పాడు. తలల చిట్టాలో రెండో పక్క, అంటే సొంత సేన నష్టం, కథ మొత్తంలో ఇంత బాహాటంగా వినిపించేది ఇక్కడే. అది చెప్పింది తలలు కోయించినవాడే.

క్రీ.శ. మూడో శతాబ్దపు పండితుడు హ యెన్ ఇంకో మెట్టు ముందుకెళ్లి, చాంగ్‌పింగ్ ఊచకోతే చిన్‌కు చేటు చేసిందన్నాడు. లొంగినా చావు తప్పదని తెలిశాక ఏ సేన లొంగుతుంది, ఉత్త చేతులతోనైనా పోరాడుతుంది కదా అని వాదించాడు. హాన్‌డాన్ జనం నిజంగానే లొంగలేదు. క్రీ.పూ. 257లో వెయ్, చూ రాజ్యాల సాయం వచ్చి ముట్టడి చెదిరింది. ఈ వాదన ఒప్పుకోనివాళ్లు, ముందే దాడి చేయనిచ్చి ఉంటే హాన్‌డాన్ పడేదని, తప్పు ఫాన్ జూ సంధిదని అంటారు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

"నా మాట వినలేదు, ఇప్పుడేమైందో చూశారా" అని బయ్ చీ అన్నది రాజు చెవిన పడింది. జబ్బు సాకు చెప్పి మళ్లీ రానన్నాడు. రాజు హోదాలన్నీ ఊడబెరికి మామూలు సిపాయిని చేశాడు. ఇరవై మెట్ల నిచ్చెన కిందికి కూడా అంతే సులువుగా దింపుతుంది. రాజధాని వదిలి పొమ్మన్నారు. రాజధాని పడమటి గుమ్మానికి పది "లీ"ల (నాలుగు కిలోమీటర్ల పైచిలుకు) దూరంలో, డూయోవ్ అనే చోట, రాజు పంపిన కత్తి అందింది.

షీజీ రాసిన చివరి మాటలు: దైవానికి నేనేం పాపం చేశానని ఇలా అయింది అని మొదట అన్నాడు. కాసేపటికి, నేను చావవలసిందే, చాంగ్‌పింగ్‌లో లొంగిన లక్షల మందిని మోసం చేసి చంపాను, అది చాలు అని మెడ కోసుకున్నాడు. ఈ మాటలు నిజంగా విన్నదెవరు? సీమా చ్యెన్ రాసింది నూట యాభై ఏళ్ల తర్వాత. పాత్ర చేత చివర్లో తన తీర్పు తానే చెప్పించడం ఆయనకు అలవాటైన కథన పద్ధతి. తన సొంత తీర్పు మాత్రం పొడిగా ఉంటుంది: శత్రువును అంచనా కట్టడంలో ఇతనికి సాటి లేరు, పక్కనున్న ఫాన్ జూ నుంచి మాత్రం తనను తాను కాపాడుకోలేకపోయాడు.

పూజ, శాపం, కాలువ

చిన్ జనం నిర్దోషి చచ్చాడని జాలిపడి ఊరూరా అతనికి పూజలు చేశారు. చాంగ్‌పింగ్ జరిగిన గావ్‌పింగ్‌లో ఇప్పటికీ "బయ్ చీ మాంసం" తింటారు. అది కాల్చిన టోఫు, అంటే సోయా పనీరు. వెల్లుల్లి, అల్లం కలిపి నూరిన పచ్చడితో నంజుకుంటారు. అతని ఒళ్లు కాల్చి తింటున్నామన్నది కథ.

రాజులకూ తేలలేదు. క్రీ.శ. 760లో టాంగ్ వంశపు చక్రవర్తి యుద్ధవీరుల గుడిలో పది మంది మహాసేనానులను పెడితే వాళ్లలో బయ్ చీ ఒకడు. 963లో సోంగ్ వంశపు మొదటి చక్రవర్తి అదే వరస చూస్తూ చేతికర్రతో బయ్ చీ బొమ్మను చూపించి, లొంగినవాళ్లను చంపినవాడు వీరుడెలా అవుతాడని తీయించేశాడు.

ఇక హుబెయ్‌లో ఒక కాలువ ఉంది. క్రీ.పూ. 279లో చూ రాజ్యపు యెన్ నగరాన్ని ముంచడానికి బయ్ చీ నది నీళ్లు మళ్లించిన కాలువ అది. ఊరి ఈశాన్య మూల తెగి లక్షల మంది కొట్టుకుపోయి చచ్చారని క్రీ.శ. ఆరో శతాబ్దపు నదుల గ్రంథం ఒకటి చెబుతుంది. పైన మనం కూడిన 8,90,000లో ఆ అంకె లేదు. తర్వాతి తరాలు ఆ తవ్వకాన్నే సాగునీటికి మలుచుకున్నాయి. దాదాపు 49 కిలోమీటర్ల పొడవున ఇప్పటికీ వరిపొలాలకు నీళ్లిస్తోంది. 2018లో అంతర్జాతీయ సాగునీటి సంస్థ దాన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలో చేర్చింది. తెలంగాణలోని సదర్‌మాట్ ఆనకట్ట, కామారెడ్డి పెద్ద చెరువు ఆ జాబితాకెక్కింది కూడా అదే ఏడాది. హుబెయ్‌లో దాని వాడుక పేరు "పొడుగు కాలువ". ఇంకో పేరు బయ్ చీ కాలువ.